నవసృష్టి, సంఘం: చెంచయ్య క్రైస్తవ తాత్త్వికతకు పడమటి నెల్లూరు మెట్ట వేసే ప్రశ్న

ప్రస్తావన

నెల్లూరు జిల్లా పడమటి మెట్టకు తెలుగు సాహిత్యంలోని తత్త్వచర్చతో పాత సంబంధమే ఉంది. నంది మల్లయ, ఘంట సింగయ అనే జంటకవులు కృష్ణమిశ్రుని సంస్కృత నాటకాన్ని ‘ప్రబోధచంద్రోదయము’ అనే పేర తెలుగు ప్రబంధంగా మలచి, ఉదయగిరి పాలకుడైన బసవరాజు మంత్రి గంగయకు అంకితమిచ్చారు. వివేకం, మోహం, ఉపనిషత్తు, విష్ణుభక్తి పాత్రలై నడిచే ఆ కథ చివర ప్రబోధం జన్మిస్తుంది. అయితే ఆ జన్మతో లోకంలోకి కొత్తదేదీ రాదు. పురుషుడు తాను ఎల్లప్పుడూ ఏమై ఉన్నాడో దానినే తిరిగి గుర్తిస్తాడు. అద్వైతుల పరిభాషలో చెప్పాలంటే అది ప్రాప్తస్య ప్రాప్తి, అంటే ఉన్నదానినే పొందడం.

దాదాపు నాలుగు శతాబ్దాల తరువాత అదే కొండల కింది పల్లెల్లో మరొక జన్మను గురించిన మాట వినిపించింది. అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1840లో నెల్లూరులో స్థిరపడి, 19వ శతాబ్ది చివరి దశాబ్దాల్లో ఉదయగిరి, ఆత్మకూరులను తన కేంద్రాలలో చేర్చుకుంది. ఆ మాట విని ముందుకు వచ్చినవారిలో అధికులు మాదిగలు, మాలలు. వారికి బోధింపబడిన పౌలు పత్రికల్లో క్రీస్తునందున్నవానికి పెట్టిన పేరు ‘నూతన సృష్టి’. ఉన్నదానిని గుర్తించడం కాదు, లేనిది కలగడం అని దాని అర్థం.

ఈ రెండు జన్మల నడుమ ఉన్న తేడాను ఆధునిక భారత క్రైస్తవ చింతనలో అందరికంటె గట్టిగా పట్టుకున్నవాడు నెల్లూరులోనే జన్మించిన పి. చెంచయ్య (1886–1959). ఆయన నవసృష్టి సిద్ధాంతాన్ని తత్త్వశాస్త్ర దృష్టితో పరిశీలించి, పడమటి నెల్లూరు మెట్టలోని దళిత క్రైస్తవ అనుభవం ఎదుట నిలిపి చూడడం ఈ వ్యాసం లక్ష్యం. చెంచయ్య నవసృష్టిని సరిగానే గ్రహించాడనీ, దానికి సంఘం అడ్డమని భావించడంలో మాత్రం ఆ సృష్టి ఎవరి శరీరంలో ముందుగా జరిగిందో చూడలేకపోయాడనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

చెంచయ్య: సాహిత్య చరిత్రకారుడు, తాత్త్వికుడు

తెలుగు సాహిత్య విద్యార్థులకు చెంచయ్య పేరు కొత్తది కాదు. రాజా ఎం. భుజంగరావుతో కలిసి ఆయన ఆంగ్లంలో రచించిన తెలుగు సాహిత్య చరిత్ర 1928 ప్రాంతంలో ‘హెరిటేజ్ ఆఫ్ ఇండియా’ గ్రంథమాలలో వెలువడింది. దానికి కట్టమంచి రామలింగారెడ్డి తొలిపలుకు రాశారు. అయితే సాహిత్య చరిత్రకారుడైన చెంచయ్యే క్రైస్తవ తాత్త్వికుడైన చెంచయ్య అన్న సంగతి మన సాహిత్య విమర్శలో అంతగా పట్టింపునకు రాలేదు. వేదాంత విద్యాలయాల్లో ఆయనను చదివేవారు సాహిత్య చరిత్రను తెరవరు. తెలుగు శాఖల్లో ఆ చరిత్రను ఉదాహరించేవారు ఆయన వేదాంత రచనల జోలికి పోరు.

హిందూ కుటుంబంలో బాల్యం గడిపి, విద్యార్థి దశలోనే తండ్రితో పాటు క్రైస్తవాన్ని స్వీకరించిన చెంచయ్య మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో చదివాడు. వృత్తిరీత్యా న్యాయవాది. పుదుక్కోట సంస్థానంలో ప్రధాన న్యాయమూర్తిగా పనిచేశాడు. ఆయన మతాచార్యుడు కాడు, ఏ మిషన్‌లోనూ జీతగాడు కాడు. ఆ స్వేచ్ఛ ఆయన రచనల్లో స్పష్టంగా కనిపిస్తుంది. 1938 డిసెంబరులో అంతర్జాతీయ మిషనరీ మహాసభ తాంబరంలో జరిగింది. ఆ సభకోసం డచ్చి పండితుడు హెండ్రిక్ క్రేమర్ క్రైస్తవేతర లోకంలో క్రైస్తవ సందేశాన్ని గురించి ఒక గ్రంథం రచించాడు. క్రైస్తవ ప్రకటనకూ తక్కిన మతాలకూ నడుమ కొనసాగింపు లేదనేది అందులోని ప్రధాన వాదం. దానికి భారతీయుల పక్షాన వచ్చిన సమాధానమే ఆ సంవత్సరమే మద్రాసులో ప్రచురితమైన ‘రీథింకింగ్ క్రిస్టియానిటీ ఇన్ ఇండియా’ అనే సంకలనం. చెంచయ్య, ఆయన బావమరదుల వరుస బంధువైన వి. చక్కరై దాని ముఖ్య రచయితల్లో ఇద్దరు.

ఆ సంకలనంలోనూ ఇతర వ్యాసాల్లోనూ చెంచయ్య వాదాన్ని మూడు మాటల్లో సంగ్రహించవచ్చు. మొదటిది: క్రైస్తవానికి మూలం సిద్ధాంతం కాదు, యేసు అనే యథార్థం. సభలూ విశ్వాస ప్రమాణాలూ దానిపై కప్పిన పొరలను తొలగించి ఆ యథార్థాన్ని అనుభవంలో నేరుగా తాకాలి. రెండవది: యేసు మానవజాతిలో ఒక కొత్త దశకు ఆదిపురుషుడు. రక్షణ అంటే దైవ న్యాయస్థానంలో నిందితుడు విడుదల కావడం కాదు. మానవుని స్వభావమే మారి కొత్త జీవి పుట్టడం. పరిశుద్ధాత్మ ఆ మార్పుకు కారణమైన కొత్త సృజనశక్తి. మూడవది: యేసు ప్రకటించింది దేవుని రాజ్యాన్ని. చరిత్రలో వెలసిన సంఘం ఆ రాజ్యానికి ప్రత్యామ్నాయంగా కూర్చుని దానిని మరుగుపరచింది. కనుక భారతదేశంలో క్రీస్తును అనుసరించేవారు సంఘం హద్దుల్లోకి రావలసిన అగత్యం లేదు.

న్యాయమూర్తి స్థానంలో కూర్చున్న వ్యక్తే రక్షణను న్యాయస్థాన పరిభాష నుంచి విడిపించడం గమనింపదగినది. తీర్పు నిందితుని స్థితిని మారుస్తుంది, నిందితుణ్ణి మార్చదు. ఆ సంగతి చెంచయ్యకు వృత్తిలోనే తెలిసి ఉండాలి.

నవసృష్టి: దార్శనిక మూలాలు

చెంచయ్య నవసృష్టి భావనకు పౌలు పత్రికలు పునాది అయితే, దానికి ఆధునిక పరిభాషను ఇచ్చినవి ప్రధానంగా రెండు ధారలు. ఒకటి హెన్రీ బెర్గ్‌సన్ 1907లో వెలువరించిన సృజనాత్మక పరిణామ సిద్ధాంతం. జీవం యంత్రంవలె ముందే నిర్ణయమైన దారిలో నడవదనీ, ఎన్నడూ లేని రూపాలను అది కల్పించుకుంటూ పోతుందనీ బెర్గ్‌సన్ వాదం. రెండవది శ్రీ అరవిందులు 1914 నుంచి ‘ఆర్య’ పత్రికలో ధారావాహికంగా రాసిన ‘ది లైఫ్ డివైన్’. మానవుడు పరిణామానికి చివరి మెట్టు కాడనీ, మనస్సుకు పైనున్న అతిమానసం భూమిమీదికి దిగి శరీరాన్ని సైతం మారుస్తుందనీ అరవిందుల దర్శనం. వీటికి తోడు కుంభకోణానికి చెందిన మాస్టర్ సి.వి.వి. 1910లో ప్రారంభించిన భృక్తరహిత తారక రాజయోగం చెంచయ్యను ఆకర్షించింది. శరీరంలో కొత్తశక్తి దిగి దాని ధర్మాలనే మారుస్తుందన్న ఆ యోగమార్గంలో ఆయనకు పరిశుద్ధాత్మ కార్యానికి భారతీయమైన పోలిక దొరికింది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. భారతీయ దర్శనాల్లోని కార్యకారణ చర్చతో దానిని విడదీసి చూడవచ్చు. సాంఖ్యులది సత్కార్యవాదం. కుండ మట్టిలో ముందే ఉంది, కుమ్మరి దానిని వ్యక్తం చేస్తాడు. నైయాయికులది అసత్కార్యవాదం, లేక ఆరంభవాదం. కుండ ఇంతకుముందు లేదు, ఇప్పుడు కొత్తగా ఆరంభమైంది. అద్వైతుల వివర్తవాదంలో కార్యానికి కారణంకంటె వేరైన సత్యమే లేదు. ‘ప్రబోధచంద్రోదయము’లోని పురుషుడు ఈ మూడో కోవకు చెందుతాడు. అరవిందుల దర్శనం స్థూలంగా మొదటి కోవకు చెందుతుంది. అక్కడ అవరోహణ లేనిదే ఆరోహణ లేదు. జడంలో చైతన్యం ముందే దాగి ఉండబట్టే పరిణామంలో బయటపడుతుంది.

చెంచయ్య చెప్పదలచింది ఆరంభవాదం. యేసు మానవజాతిలో ముందే దాగి ఉన్నదాని వికాసం కాడు, అంతకుముందు లేని కొత్తదనం. అందుకే ఆయన వేదాంత మోక్షాన్ని తిరిగి చేరడంగానూ, క్రైస్తవ రక్షణను ముందుకు సాగడంగానూ వేరుచేస్తాడు. కానీ ఆ కొత్తదనాన్ని వివరించడానికి ఆయన ఎన్నుకున్న పరిణామ పరిభాష సత్కార్యవాదపు నీడలో పెరిగింది. పరిణామంలో తరువాతి మెట్టు అన్నప్పుడు, కింది మెట్టు లోపలినుంచే అది వచ్చిందన్న ధ్వని వినిపిస్తుంది. విత్తనం, మొలక, శక్తి, జీవకణం వంటి జీవశాస్త్ర రూపకాలు ఆ ధ్వనిని మరింత పెంచుతాయి.

ఇది కేవలం పరిభాషలో దొర్లిన లోపం కాదు, ఫలితంలో కూడా కనిపిస్తుంది. మార్పు ప్రకృతి నియమంగా వచ్చేదైతే దానికి ఎదురునిలిచే వారెవరూ ఉండరు, ఆలస్యమే ఉంటుంది. నవసృష్టి రాకుండా అడ్డుపడేవారు ఎవరు, వచ్చిన తరువాత దానిని అంగీకరించనివారు ఎవరు అన్న ప్రశ్నకు పరిణామ పరిభాషలో తావు లేదు. మెట్ట పల్లెల్లో మొదట ఎదురైన ప్రశ్న అదే.

మెట్ట పల్లెల సాక్ష్యం

పెన్నా డెల్టాలోని వరిపొలాలకూ ఉదయగిరి, ఆత్మకూరు మెట్టకూ వ్యవసాయంలోనే తేడా ఉంది. కాలువలు అందని ఆ నేలలో సజ్జ, జొన్న వంటి మెట్టపంటలే ఆధారం. బావులున్నచోట కపిల తోలాలి. కపిలకు తోలుబాన కావాలి, ఎద్దుకు తోలుపట్టెడ కావాలి, కాపుకు చెప్పులు కావాలి. వీటన్నిటినీ చేసి ఇచ్చే మాదిగ లేనిదే ఆ వ్యవసాయం సాగదు. అయినా ఆ తోలుబానతో తోడిన బావి దగ్గరకు అతడు రాకూడదు. గ్రామ వ్యవస్థ అతని పనిని లోపలికి తీసుకుని, అతని శరీరాన్ని బయట నిలిపింది.

ఈ సమాజంలో క్రైస్తవం ఎలా ప్రవేశించిందో చెప్పే ముఖ్యమైన ఆధారాల్లో ఒకటి ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ప్రచురించిన ‘వైల్ సూయింగ్ శాండల్స్’. చెప్పులు కుట్టేవారి కథలుగా వెలువడిన ఈ గ్రంథం మాదిగల మౌఖిక స్మృతులను భద్రపరచింది. రచయిత్రి సామాన్య మిషనరీ కాదు. మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ స్త్రీ హక్కుల చింతనపై పరిశోధన చేసిన విదుషి. అమెరికాలో సామాజిక సువార్త ఉద్యమానికి సిద్ధాంతకర్త అయిన వాల్టర్ రౌషెన్‌బుష్ ఆమె సోదరుడు. ఆమె భర్త జాన్ క్లౌ ఒంగోలు కేంద్రంగా పనిచేశాడు. ఒంగోలు ఆనాడు నెల్లూరు జిల్లాలోనిదే. క్లౌ జీవితచరిత్రను ఆమె 1914లో ‘సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్’ అనే పేరుతో వెలువరించింది. ప్రగతిశీల క్రైస్తవ వేదాంతమని నేడు వ్యవహరించే ధారకు, నెల్లూరు మెట్టలోని మాదిగ గూడేలకు ఇంత దగ్గరి బంధుత్వం ఉంది.

ఆమె రచనల్లో ప్రముఖంగా కనిపించే వ్యక్తి యర్రగుంట్ల పేరయ్య. ఒంగోలుకు పడమటి మెట్టలో నివసించిన ఈ మాదిగ తోలు వ్యాపారి క్రైస్తవం గురించి వినకముందే రాజయోగ సాధకుడు. తన సాధనతోనే గురువై, 1866లో బాప్తిస్మం పొంది, తరువాత ఆ ప్రాంతపు మహోద్యమానికి తొలి బోధకుడయ్యాడు. పోతులూరి వీరబ్రహ్మం మార్గమూ, యోగి నాసరయ్య మార్గమూ మాదిగల్లో ఎంతగా వ్యాపించాయో కూడా ఆమె నమోదు చేసింది. ఆత్మకూరు నుంచి వెలిగొండలు దాటి బద్వేలు మీదుగా పడమటికి పోతే బ్రహ్మంగారి మఠం వస్తుంది. బ్రహ్మంగారి శిష్యుల కథల్లో మాదిగ కక్కయ్య శరీరంలోని చక్రాలను వెదికిన వృత్తాంతం తెలుగువారికి తెలిసినదే. కనుక ఈ ప్రాంతంలో యోగం, తత్త్వం అనేవి అగ్రవర్ణాల సొత్తు మాత్రమే కావు.

దీని ప్రాధాన్యాన్ని నేటి దళిత వేదాంత చర్చలో గుర్తించాలి. 1981లో బెంగళూరులోని యునైటెడ్ థియొలాజికల్ కళాశాలలో అరవింద్ పి. నిర్మల్ చేసిన ప్రసంగం దళిత వేదాంతానికి నాందిగా పరిగణింపబడుతున్నది. భారత క్రైస్తవ వేదాంతం బ్రాహ్మణ సంప్రదాయంలోనే నడిచిందని నిర్మల్ విమర్శించాడు. అరవిందుల పూర్ణయోగంతో క్రైస్తవాన్ని సమన్వయించిన చెంచయ్య ఆయన ఉదాహరణల్లో ఒకడు. ఈ విమర్శలో సగం న్యాయం ఉంది. చెంచయ్య యోగాన్ని అరవిందుల నుంచీ కుంభకోణం నుంచీ తెచ్చుకున్నాడు గాని, తాను పుట్టిన జిల్లాలోని మాదిగ రాజయోగి నుంచి తెచ్చుకోలేదు. అయితే యోగ పరిభాష వాడినంతనే అది బ్రాహ్మణ సంప్రదాయమవుతుందనడం పేరయ్యను మరోసారి తన యోగం నుంచి వెలివేయడమవుతుంది. చెంచయ్య క్రైస్తవం నుంచి రాజయోగం వైపు చూశాడు. పేరయ్య రాజయోగం నుంచి క్రైస్తవంలోకి నడిచాడు. ఇద్దరికీ ప్రమాణం అనుభవమే. వారి నడుమ తేడా జ్ఞానమార్గంలో కాదు, ఆ జ్ఞానం ఏ శరీరానికి కలిగిందన్న దానిలో ఉంది.

మూడు నిషేధాలు

క్లౌ తన వద్దకు వచ్చినవారికి విధించిన నియమాలు మూడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలను కొలవకూడదు. చూడడానికి ఇవి సామాన్యమైన మతాచారాలు. మెట్ట పల్లె ఆర్థిక వ్యవస్థలో ఉంచి చూస్తే వీటి తాత్త్విక బరువు తెలుస్తుంది. ఆదివారం పని మానడమంటే తన కాలానికి తానే యజమాని అని ప్రకటించడం. వెట్టికి కట్టుబడిన మనిషికి వారంలో ఒక రోజు తనదనడం వ్యవస్థను ధిక్కరించడమే. చచ్చిన గొడ్డును తినకపోవడం గ్రామం తనకు కేటాయించిన స్థానాన్ని తన నోటితోనే నిరాకరించడం. విగ్రహాలను కొలవకపోవడమంటే గ్రామదేవత కొలువులో డప్పు కొట్టే విధినుంచి తప్పుకోవడం. ఈ నిరాకరణలకు కరణం, మునసబుల నుంచి తీవ్రమైన ప్రతిఘటన వచ్చింది. నవసృష్టికి ఎదురునిలిచేవారు ఉన్నారని, అది పరిణామంవలె తనంత తాను రాదని ఆ ప్రతిఘటనే రుజువు.

ఈ నియమాలను విమర్శ లేకుండా స్వీకరించనక్కర లేదు. మాంస నిషేధంలో శుద్ధి, అశుద్ధి భావనల నీడ లేకపోలేదు. డప్పును విడిచిపెట్టడంతో ఒక కళ, ఒక స్మృతి దూరమయ్యాయి. తమిళ ప్రాంతపు పరై వాద్యాన్ని క్రీస్తుకు ప్రతీకగా వ్యాఖ్యానించిన సత్యనాథన్ క్లార్క్ గ్రంథం (1998) ఈ నష్టాన్ని వేదాంతపరంగా పూడ్చే ప్రయత్నం. అయినా ఈ మూడు నియమాలు ఒక సత్యాన్ని చెబుతాయి. మెట్టలో కొత్త మనిషి మొదట అంతరంగంలో కాక, వారంలోని రోజులోనూ కంచంలోనూ ఊరి కొలువులోనూ కనిపించాడు.

1876–78 నాటి కరవులో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి చూపాడు. ఆ కాలమంతా బాప్తిస్మాలను నిలిపివేశాడు. అన్నంకోసం మతం మారారన్న మాట రాకుండా చేయడం ఆయన ఉద్దేశం. కరవు తీరిన తరువాత, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యను మిషన్ చరిత్రలు విజయంగా, విమర్శకులు అవకాశవాదంగా చదివారు. నవసృష్టి దృష్టితో చూస్తే దానికి మూడవ అర్థం ఉంది. ఒంటరిగా మారిన మాదిగను ఊరు ఎప్పుడైనా అణచగలదు. వేలమంది ఒకేసారి మారితే వారితో ఊరు కొత్త సంబంధం పెట్టుకోక తప్పదు. అక్కడ జన్మించింది ఒక్కొక్క మనిషే కాదు, ఒక సమూహం కూడా.

సంఘం అనే మాట

చెంచయ్య సంఘవిమర్శను ఇప్పుడు తిరిగి పరిశీలించాలి. ఆయన చూసిన సంఘం మద్రాసు నగరంలోని మిషన్ వ్యవస్థ. విదేశీ ధనం, మతాచార్యుల శ్రేణి, శాఖాభేదాలు, పాశ్చాత్య విశ్వాస ప్రమాణాలు దాని లక్షణాలు. దానిపై ఆయన చేసిన విమర్శలో నేటికీ చెల్లేది చాలా ఉంది. మాల, మాదిగ భేదం ప్రార్థన మందిరాల్లోకీ ప్రవేశించింది. అధికారం, ఆస్తుల చుట్టూ తిరిగే సంస్థ దేవుని రాజ్యాన్ని మరుగుపరచగలదన్న ఆయన హెచ్చరికను తోసిపుచ్చడానికి వీల్లేదు.

అయితే ఆయన వేదాంతం రాసింది ఆంగ్లంలో. ఆంగ్లంలోని ‘చర్చి’ అనే పదానికి సంస్థ అనే అర్థం ముందుకు వస్తుంది. తెలుగు బైబిలు ఆ స్థానంలో వాడిన మాట ‘సంఘము’. తెలుగులో సంఘమంటే క్రైస్తవ విశ్వాసుల కూటమి మాత్రమే కాదు. సంఘసంస్కరణ అన్నప్పుడు అది సమాజమంతా. రైతుసంఘం, కూలిసంఘం అన్నప్పుడు అది హక్కులకోసం ఒకటైన జనం. మెట్ట గూడెంలో ‘సంఘం’ అన్నప్పుడు ఈ మూడు అర్థాలూ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఊరి రచ్చబండ దగ్గర నోరెత్తే హక్కు లేని మనిషి, సంఘంలో నిలబడి చదివాడు, పాడాడు, సాక్ష్యం చెప్పాడు, ఇతరుల తగవు తీర్చాడు. మెట్ట సమాజంలో అతడు బహిరంగంగా మాట్లాడగలిగిన తొలి వేదికల్లో సంఘం ఒకటి.

కనుక సంఘం లేని క్రీస్తు అనే ప్రతిపాదన అందరికీ ఒకే అర్థాన్ని ఇవ్వదు. కుటుంబం, కళాశాల, న్యాయస్థానం, పత్రిక వంటి వేదికలు ముందే ఉన్నవారికి సంఘాన్ని వదులుకోవడం స్వేచ్ఛ. వేరే వేదిక లేనివారికి అది మళ్ళీ ఊరి చివరకు నడవడం. సాహిత్య చరిత్రకారుడిగా తెలుగు పదాల చరిత్రను ఎరిగిన చెంచయ్య, వేదాంతిగా ‘సంఘం’ అనే పదాన్ని విచారించి ఉంటే ఆయన విమర్శ రెండుగా విడివడి ఉండేది: అధికార సంస్థగా సంఘం ఒకటి, కొత్త మనుషుల కూడికగా సంఘం మరొకటి. మొదటిదానిపై ఆయన తీర్పు నిలుస్తుంది. రెండవది లేనిదే ఆయన నవసృష్టికి శరీరం ఉండదు.

సృజనాత్మక సాహిత్యంలో ఈ రెండింటి భేదాన్ని గుర్తించినవాడు గుర్రం జాషువ. ‘గబ్బిలం’ (1941) నాయకుడు తన విన్నపాన్ని శివునికి పంపుతాడు. అతనికి గుడిలోకి ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉంది. కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం (1964) పొందిన ‘క్రీస్తు చరిత్ర’లో అదే కవి క్రీస్తును కావ్యనాయకుణ్ణి చేశాడు. ఈ రెండు కావ్యాలనూ పక్కపక్కన పెట్టి చదివితే, మనిషిని మనిషిగా చూసే కూడిక ఎక్కడ అన్నదే జాషువ వెదుకులాట అని తెలుస్తుంది. గుడి, చర్చి అనే కట్టడాల భేదం ఆయనకు రెండవ విషయం.

చట్టంలో నవసృష్టి

నవసృష్టి చర్చ పండితుల గదులకే పరిమితం కాదు. రాజ్యాంగం (షెడ్యూల్డు కులాల) ఉత్తర్వు 1950లో వెలువడింది. దాని ప్రకారం హిందూ మతానికి వెలుపల ఉన్నవారు షెడ్యూల్డు కులస్థులు కారు. 1956లో సిక్కులకూ 1990లో బౌద్ధులకూ మినహాయింపు లభించింది. క్రైస్తవులకూ ముస్లిములకూ లభించలేదు. ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవం స్వీకరించిన షెడ్యూల్డు కులాలవారిని వెనుకబడిన తరగతుల్లో ‘సి’ వర్గంగా గుర్తించి 1 శాతం రిజర్వేషన్ కల్పించారు.

ఈ ఉత్తర్వులో దాగిన తర్కం వేదాంతానికి ఒక సవాలు. బాప్తిస్మం పొందినవాడు పాత కులాన్ని విడిచి కొత్త సృష్టి అయ్యాడని ఉత్తర్వు అక్షరాలా నమ్మింది. ఊరు నమ్మలేదు. ఇంటి స్థలం గూడెంలోనే ఉంది, పెళ్ళి సంబంధం ఆ కులంలోనే ఉంది, అవమానం అలాగే ఉంది. చట్టం కాగితంమీద నవసృష్టిని అంగీకరించి రక్షణను తొలగించింది. గ్రామం నవసృష్టిని నిరాకరించి కులాన్ని నిలిపి ఉంచింది. ఇద్దరి నడుమ మనిషి రెండు విధాల నష్టపోయాడు. తత్త్వశాస్త్ర ఆచార్యుడు కె. విల్సన్ 1982లో హైదరాబాదు నుంచి వెలువరించిన దళిత క్రైస్తవ సంస్కృతి అధ్యయనానికి ‘ది ట్వైస్ ఏలియనేటెడ్’ అని పేరు పెట్టాడు. రెండుసార్లు పరాయిదైన ఆ స్థితికి మెట్ట పల్లె ఒక నిదర్శనం.

ఈ చిక్కును చెంచయ్య పరిభాష ఒంటరిగా విప్పలేదు. నవసృష్టి స్వభావంలో జరిగిన మార్పు మాత్రమే అయితే చట్టం వాదన సరి అవుతుంది: మారినవాడు మారాడు, పాత పేరుతో అతనికి పనేమిటి? నిర్మల్ పరిభాష కూడా ఒంటరిగా చాలదు. వేదన ఆచరణకంటె ముందుదనీ, దళితుని వేదనే వేదాంతానికి మూలమనీ ఆయన చెప్పిన మాట లోతైనది. అయితే వేదనను మాత్రమే గుర్తింపుగా తీసుకుంటే, ఆదివారం పని మానిన పేరయ్య తరం సాధించిన కొత్తదనానికి చోటు తగ్గుతుంది. దళితత్వాన్ని మార్పులేని సారంగా చూడకూడదని వై.టి. వినయరాజ్ ‘దళిత్ థియాలజీ ఆఫ్టర్ కాంటినెంటల్ ఫిలాసఫీ’ (2016)లో చేసిన సూచన ఇక్కడ ఉపకరిస్తుంది. దళిత కర్తృత్వం గతం ఇచ్చిన గుర్తు మాత్రమే కాదు, ఎప్పటికప్పుడు నిర్మాణమయ్యేది.

ఈ ఇద్దరి చింతననూ కలిపి చదవడానికి ఆరంభవాదమే దారి చూపుతుంది. నైయాయికుల కుండ కొత్తదే. కానీ అది కపాలాలను ఆశ్రయించే నిలుస్తుంది. కపాలాలు నశిస్తే కుండ నిలవదు. కొత్తదనం నిజం, ఆశ్రయమూ నిజం. మెట్ట క్రైస్తవుడు కొత్త మనిషే. ఆ కొత్తదనం నిలిచేది గాయపడిన పాత సమాజ దేహంలోనే. అతడు కొత్తవాడు కనుక గాయం లేదనడం చట్టం చేసిన పొరపాటు. గాయం ఉంది కనుక కొత్తదనం లేదనడం ఊరు చేసిన పొరపాటు.

ముగింపు

చెంచయ్య భారత క్రైస్తవ చింతనకు ఇచ్చినది చిన్నది కాదు. రక్షణను తీర్పునుంచి సృష్టివైపుకు, గతంనుంచి భవిష్యత్తువైపుకు తిప్పాడు. తన మతాన్ని బెర్గ్‌సన్‌తోనూ అరవిందులతోనూ సమానంగా మాట్లాడనిచ్చాడు. ఆ సంభాషణలోకి పిలవవలసిన మరొక గొంతు ఆయన పుట్టిన జిల్లాలోనే ఉంది. దానిని ఆయన పిలవలేదు. అది యోగమూ వేదనా రెండూ తెలిసిన గొంతు, తోలుపని చేతులతో కొత్త కాలాన్ని లెక్కించుకున్న గొంతు.

ఉదయగిరి మంత్రికి అంకితమైన ప్రబంధంలో పురుషుడు మేలుకొని తాను ఎన్నడూ బద్ధుడు కానని తెలుసుకుంటాడు. ఆ కోట కింది గూడెంలోని మనిషికి అలా చెప్పడం కుదరదు. అతడు బద్ధుడై ఉన్నాడు, బంధాన్ని విడిపించుకున్నాడు, దానిని ఒంటరిగా విడిపించుకోలేదు. ఉదయగిరి, ఆత్మకూరు పల్లెల్లో ఆదివారం ఉదయం కూడే సంఘాన్ని దాటి పోదలచిన ఏ ప్రగతిశీల వేదాంతమైనా ఈ మూడు సంగతులకూ జవాబు చెప్పిన తరువాతే ముందుకు నడవాలి.